గొంతుకు కూడా అలవాటు కావాల

ఈ రోజు ఉదయం నేను కొట్టిన గోల్ఫ్ బంతి ఒకామె మణికట్టుకు తగిలింది. బంతి వంకరగా పోతోందని దెబ్బ పడిన క్షణంలోనే నాకు తెలిసింది. అరవడానికి సమయం ఉంది. అరవలేదు. కాసేపటికి కలుపు కూలీల మేస్త్రీ ఆ బంతి పట్టుకుని చెట్ల వెనక నుంచి వచ్చి, "ఎవరిది సార్ ఇది?" అని అడిగితే, మా వైస్ ప్రెసిడెంటు, ఇద్దరు క్లయింట్లు చూస్తుండగా, "మాది కాదు" అన్నాను. జేబులోంచి ఇంకో బంతి తీసి గడ్డి మీద పెట్టుకుని మళ్ళీ కొట్టాను.

ఆ రెండో బంతి నేరుగా పోయింది. ముగ్గురూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు చెవిన పడుతుండగా నాతోపాటు గోల్ఫ్ నేర్చుకున్న ఒకావిడ గుర్తొచ్చింది. కిందటి వానాకాలంలో పోయింది. పోయిందని మా ప్రాక్టీసు గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు, చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టేసి మీటింగులోకి వెళ్ళిపోయాను. ఆ తర్వాత ఆమె గురించి ఆలోచించింది ఈ రోజే.

మేమిద్దరం ఒకే నెలలో గోల్ఫ్ నేర్చుకోవడం మొదలుపెట్టాం. నాకు ఆట మీద ఇష్టమేమీ లేదు. హైటెక్ సిటీలో నేను పనిచేసే కంపెనీలో పెద్దవాళ్ళంతా ఆదివారాలు గోల్ఫ్ ఆడతారు. ప్రమోషన్ల మాటలు అక్కడే నడుస్తాయని విని చేరాను. ఆవిడ కారణం వేరు. చేరిన మొదటి రోజే, అడక్కుండానే చెప్పింది.

"డాక్టరు రోజూ నడవమన్నాడప్పా. ఊరికే నడిచేకి నేనేమన్నా పిచ్చిదాన్నా? దేని వెనకాలన్నా నడవాల. కుక్కను పెంచుకో అన్నాడు మా అల్లుడు. కుక్క నేను చెప్పినట్ల వింటాదా? అందుకే ఈ బాల్ వెనకాల పడినా. ఇదీ వినడంల్యా."

అరవై దాటిన మనిషి. తాడిపత్రి నుంచి వచ్చి కోకాపేట దగ్గర గ్రానైట్ యార్డు పెట్టి, చుట్టుపక్కల లేస్తున్న టవర్లకు రాళ్ళు సరఫరా చేసేది. పంజాబీ డ్రెస్సు, తెల్ల బూట్లు, రూపాయి బిళ్ళంత బొట్టు. గోల్ఫ్‌లో ఎడమచేతికి మాత్రమే గ్లవ్ వేసుకుంటారని కోచ్ చెప్తే, "రెండో చెయ్యి ఏం పాపం చేసింది నాయనా?" అని అడిగింది. మర్నాడు కుడిచేతికి కూడా ఒకటి కొనుక్కుని వచ్చింది. రోజూ ఒక స్టీలు డబ్బాలో బొరుగుల ఉగ్గాని తెచ్చేది. కోచ్ తినాలి, నేను తినాలి, బంతుల బుట్టలు నింపే మనిషి తినాలి. తినకపోతే స్టిక్ పట్టనిచ్చేది కాదు.

ప్రాక్టీసు చేసే చోట మ్యాట్లు వరసగా ఉంటాయి. నా ఎడమవైపు మ్యాట్ ఆవిడది. కుడిచేతి వాటం వాళ్ళం బంతి కొట్టేటప్పుడు కుడివైపుకు తిరిగి నిలబడతాం కాబట్టి, ఆవిడ ఎప్పుడూ నా వీపు వెనకే ఉండేది. నాకు ఆవిడ గొంతు వినిపించేది. ఆవిడకు నేను చేసేదంతా కనిపించేది.

కొత్తగా నేర్చుకునే వాళ్ళకు రెండు జబ్బుల్లో ఒకటి పట్టుకుంటుంది. బంతి నేరుగా బయలుదేరి గాల్లో కుడికి తిరిగిపోతే స్లైస్, ఎడమకు తిరిగిపోతే హుక్. ఆవిడకు మొదటిది, నాకు రెండోది. అందుకని ఆవిడ బంతి నా ముందుకు వచ్చేది, నాది ఆవిడ ముందుకు పోయేది.

"మన ఇద్దరి చేతులూ కలిపి ఒక మనిషికి పెట్టింటే నేరుగా పోయేది కదా తమ్ముడూ," అనేది. "దేవుడు పంపకాల్లో తికమక పడినాడు."

కోచ్ ఇద్దరికీ ఒకదానికొకటి వ్యతిరేకమైన వైద్యం చేసేవాడు. ఆవిడను ఎడమచేయి స్టిక్ మీద ఇంకాస్త కుడికి తిప్పి పట్టుకోమనేవాడు. నన్ను ఎడమకు తిప్పమనేవాడు. ఆవిడ కుడి మోచెయ్యి ఒంటికి దూరంగా లేచిపోతోందని చంకలో జేబురుమాలు పెట్టి, అది కింద పడకుండా కొట్టమన్నాడు. ప్రతిసారీ పడేది. "చంకలో గుడ్డ పెట్టుకుని కర్ర ఊపుతాంటే మా ఊర్లోవాళ్ళు చూసినారంటే, గాలి సోకిందని తాయెత్తు కడతారు," అంటూ వంగి తీసుకుని మళ్ళీ పెట్టుకునేది. నెలల తరబడి అదే పని. ఆవిడకు విసుగు పుట్టగా నేను చూడలేదు.

నేను దొంగదారి వెతుక్కున్నాను. బంతి ఎలాగూ ఎడమకే తిరుగుతుంది కదా అని, గురి కోసం దూరంగా పాతిన జెండాకు బాగా కుడిగా గురిపెట్టి నిలబడటం మొదలుపెట్టాను. తిరిగి తిరిగి మధ్యలో పడేది. కోచ్ ఫోన్‌లో ఉండగా అలా రెండు మూడు మంచి దెబ్బలు పడ్డాయి. వెనక నుంచి గొంతు వచ్చింది.

"యాడికి చూసి నిలబడినావు తమ్ముడూ?"

"జెండాకే అక్కా."

"జెండా అక్కడుంటే, నువ్వు కోకాపేట టవర్లకు మొగం పెట్టినావే. నా గిరాకీలను కొడతావా ఏం?"

నేను నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు. "వంకర కనపడకుండా చేసుకుంటాండావు. పోగొట్టుకోవడంల్యా," అంది. తర్వాత కోచ్ కూడా అదే చెప్పాడు: అలా నిలబడితే హుక్ ఇంకా ముదురుతుందండీ, అని. ఇద్దరికీ సరేనన్నాను. పక్కన ఎవరూ లేనప్పుడు మాత్రం అలాగే నిలబడేవాణ్ణి.

ఆవిడ గురించి అందరూ చెప్పుకునేది అరుపు. బంతి దారి తప్పి మనుషులున్న వైపు పోతుంటే 'ఫోర్' అని గట్టిగా అరవాలి, అది ఆట మర్యాద అని మొదటి వారమే చెప్పారు. ఆవిడ ప్రాక్టీసు చేసేచోట కూడా అరిచేది. ముందు ఖాళీ మైదానం, చుట్టూ వల, మనిషన్నవాడు లేడు. అయినా బంతి కుడికి తిరగడం ఆలస్యం, "ఫోర్! తప్పుకోండప్పా!" అని మొత్తం వరస అదిరిపడేలా కేక వేసేది.

"మేడమ్, ఇక్కడ అరవక్కర్లేదండీ," అన్నాడు కోచ్ ఒకసారి, పక్క మ్యాట్ల వాళ్ళు విసుక్కుంటుంటే.

"చేతులకు అలవాటు కావాలంటివి కదా. గొంతుకు కూడా అలవాటు కావాల."

"అక్కడికి వెళ్ళాక అరవొచ్చు కదండీ."

"ఆ పొద్దుకు గొంతు రాదు నాయనా. మా యార్డులో రాయి చెయ్యి జారినాక ఎంత మొనగాడైనా దాన్ని ఆపలేడు. మనుషుల్ని ఆపొచ్చు. దానికి గొంతు సిద్ధంగా ఉండాల."

నాకు ఆ అరుపంటే ఒళ్ళు జలదరించేది. ఫోర్ అని అరవడమంటే నా దెబ్బ తప్పిందని నలుగురికీ చాటుకోవడమే కదా. ఇరవై ఏళ్ళుగా ఆఫీసులో నా పద్ధతి అది కాదు. ప్రాజెక్టు ఆలస్యమవుతోందని తెలిసినా, వారం వారం చూపించే రిపోర్టులో దాని ఎదురుగా అంతా బాగుందని చెప్పే పచ్చరంగే ఉంచేవాణ్ణి. వచ్చేవారానికి సర్దుకుంటుందిలే అనుకునేవాణ్ణి. చాలాసార్లు సర్దుకుంది. అదే నన్ను పాడుచేసింది.

ఆవిడ అది కనిపెట్టింది. "నీ బాల్ పక్కకు పోతాంటే నువ్వు నోరు తెరవవు తమ్ముడూ. దాన్ని చూసేది కూడా లేదు. తల దించుకుని మ్యాట్‌ను చూస్తావు, తప్పంతా మ్యాట్‌దే అయినట్ల."

ఇద్దరినీ అసలు మైదానంలోకి పంపించాక, ఆ అరుపు ఎవరి కోసమో నాకు తెలిసింది. అక్కడ గడ్డిలో కలుపు తీసే ఆడవాళ్ళుంటారు. చీరల మీద మగవాళ్ళ చొక్కాలు వేసుకుని, ఎండకు వీపు పెట్టి, వరసగా కూర్చుని పని చేస్తారు. పొద్దున పూట ఎండ మేము బంతి కొట్టే చోటు వెనక నుంచే వస్తుంది. అంటే మాకూ వీపే. వాళ్ళకు బంతి కనపడదు. చెవులే ఆధారం. కేక వినగానే, ఎవరూ తలతిప్పి చూడరు. పక్కనున్న గంపను తల మీద బోర్లించుకుని ముడుచుకుని కూర్చుంటారు. తీసిన కలుపంతా భుజాల మీద పడుతుంది. బంతి ఎక్కడో దబ్బున పడ్డ చప్పుడయ్యాక గంపలు దించి, ఒళ్ళు దులుపుకుని మళ్ళీ పనిలో పడతారు.

ఆవిడ గొంతు వాళ్ళందరికీ తెలుసు. "అక్కొచ్చింది, గంపలు పట్టుండ్రి," అని ఒకరికొకరు చెప్పుకుని నవ్వేవాళ్ళు. ఆవిడ బంతి వెతుక్కుంటూ అటే పోయి, "ఏమమ్మా, ఎవరికన్నా తగిలిందా?" అని ఒక్కొక్కరినీ చూసి వచ్చేది. బంతి దొరక్కపోయినా పట్టించుకునేది కాదు.

ఒకరోజు ఆవిడ దెబ్బ సరిగ్గా కుదిరింది. నేను పక్కనే ఉన్నాను. జేబురుమాలు లేకుండానే మోచెయ్యి ఒంటికి అంటుకుని ఉంది, బంతి దారం పట్టి గీసినట్టు జెండా వైపు సాగిపోయింది. అయినా అలవాటు కొద్దీ నోటి నుంచి "ఫోర్! తప్పుకోండప్పా!" వచ్చేసింది. అవతల గంపలన్నీ తలల మీదికి లేచాయి. ఆవిడ రెండు గ్లవ్‌ల చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, పడీ పడీ నవ్వి, "దించండమ్మా దించండి! ఈసారి నేరుగానే పోయింది, నన్ను నేనే నమ్మలేదు!" అని అరిచింది. "మల్ల పెట్టుకుంటం తియ్, ఇంకోటి కొడ్తవు గద!" అని అటు నుంచి జవాబు వచ్చింది.

ఆవిడతో గడిపిన రోజుల్లో ఇంకొకటి ఉంది. అది తలుచుకుంటే ఈ రోజు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

ప్రాక్టీసులో ఆవిడ బంతి వల దాటి, పార్కింగులో ఉన్న ఒక కారు వెనకద్దం పగలగొట్టింది. చుట్టుపక్కల ఎవరూ లేరు. నేను, గేటు దగ్గరి సెక్యూరిటీ అతనికి ఫోన్ నంబరు ఇచ్చేసి పోదామన్నాను. ఎండ ముదురుతోంది.

"నంబరు ఎట్ల తిట్లు తింటాదప్పా? తిట్టేవానికి ఎదురుగా ఒక మొగం ఉండాల."

కారు పక్కన గట్టు మీద, ఒళ్ళో స్టీలు డబ్బా పెట్టుకుని కూర్చుంది. నేను నా కారులో ఏసీ వేసుకుని కూర్చున్నాను. లోపలికి రమ్మంటే రాలేదు. నిజం చెప్పాలంటే నేను మళ్ళీ పిలవనూ లేదు; ఆవిడతో కలిసి కనపడితే నన్నూ అంటారేమోనని భయం. ఎంతోసేపటికి ఆ కారు యజమాని వచ్చాడు. ముప్పై దాటని కుర్రాడు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఎవరితోనో ఆఫీసు పని మాట్లాడుతున్నాడు. ఆవిడ లేచి, బడిపిల్లలా చేతులు కట్టుకుని నిలబడింది.

"అయ్యా, నీ కారు అద్దం పగలగొట్టింది నేనే."

అతను 'ఒక్క నిమిషం' అని ఫోనుకు చెప్పి, అద్దం చూశాడు, ఆవిడ బొట్టు చూశాడు, రెండు చేతుల గ్లవ్‌లు చూశాడు. "పర్లేదు ఆంటీ, ఇన్సూరెన్స్ ఉంది," అనేసి మళ్ళీ మాటల్లో పడిపోయాడు.

ఆవిడ నా దగ్గరికి వచ్చింది. ఊరట పడుతుందనుకున్నాను. "ఏం పిల్లోడప్పా," అంది దిగులుగా. "సరిగా తిట్టనైనా తిట్టలా. ఇప్పుడు ఈ బరువు నేను ఇంటికి మోసుకుపోవాల." మర్నాడు అతని కారు నంబరు పట్టుకుని ఆరా తీసి, అద్దం మార్పించిందని తర్వాత కోచ్ చెప్పాడు. తిట్లు మాత్రం దొరకలేదట.

ఈ రోజు నేనేం చేశానో ఇప్పుడు పూర్తిగా చెప్పాలి.

వైస్ ప్రెసిడెంటుతో ఆడటం ఇదే మొదటిసారి. జెండాకు కుడిగా, దొంగ గురి పెట్టే నిలబడ్డాను. బంతి నేను లెక్కవేసుకున్నదానికంటే ఎక్కువగా ఎడమకు తిరిగి చెట్ల మీదుగా పోయింది. చెట్ల అవతల కలుపు తీసేవాళ్ళున్నారని నాకు తెలుసు, వస్తూ చూశాను. గొంతు దాకా వచ్చిన కేకను నా పక్కనున్న ముగ్గుర్నీ చూసి మింగేశాను. ఆ తర్వాత అవతల నుంచి ఒక ఆడమనిషి అరుపు వినపడింది.

మాది కాదని మేస్త్రీని పంపించి, రెండో బంతి కొట్టి, మెప్పులు అందుకుని నాలుగడుగులు వేశామో లేదో, చెట్ల వెనక అతని గొంతు పెద్దగా లేచింది.

"నెత్తి మీదికి బాల్ వచ్చేదాక సోయి లేదా నీకు? రేపు చెయ్యి ఇరిగిందంటె ఎవరికి పరేషాన్? నాకే గద! ఇగ రేపటిసంది పనికి రాకు నువ్వు."

"కేక ఇనవడలే సారూ. ఎవరన్న అరిచిన్రా, వీళ్ళను అడుగుండ్రి."

"ఎవ్వరు అరువలే సారూ," అన్నాయి మిగతా గొంతులు.

నేను ఆగిపోయాను. వైస్ ప్రెసిడెంటు వెనక్కి తిరిగి, ఏమైందన్నట్టు చూశాడు.

"సార్, ఆ బంతి నాది. ఇందాక అబద్ధం చెప్పాను."

ఆయన క్లయింట్ల వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "ఇప్పుడెందుకండీ అదంతా? క్లబ్ వాళ్ళు హ్యాండిల్ చేస్తారు. వీళ్ళు వెయిట్ చేస్తున్నారు," అన్నాడు.

"మీరు ఆడండి సార్. నేను రాను."

ధైర్యంగా వెళ్ళానని అనుకోవద్దు. ఆ చెట్లు దాటేదాకా, ఈలోపు గొడవ దానంతటదే సర్దుమణిగితే బాగుండునని కోరుకుంటూనే నడిచాను. సర్దుమణగలేదు. దెబ్బ తగిలిన ఆమె పేరు ఎల్లమ్మ. నేల మీద కూర్చుని, కుడి మణికట్టును ఎడమచేత్తో పట్టుకుని ఉంది. వాపు అప్పటికే తెలుస్తోంది.

"బంతి నాది," అన్నాను మేస్త్రీతో. "నేను అరవలేదు. ఈమె తప్పేమీ లేదు."

"మీదా? ఇందాక కాదంటిరి గద సార్."

"అబద్ధం చెప్పాను."

"సరె సార్, ఇగ మీరు పోయి ఆడుకోండ్రి. మేం చూసుకుంటం. ఇదంత మామూలే," అన్నాడు. ఆమెను పని నుంచి తీయనని అందరి ముందూ చెప్పేదాకా నేను కదల్లేదు. చెప్పాడు. క్లబ్ మేనేజర్ దగ్గరికి పోయి ఆయనకూ జరిగింది జరిగినట్టు చెప్పాను. కోచ్ ఒప్పుకునేదాకా నన్ను మైదానంలోకి రావొద్దన్నాడు. అది న్యాయమే.

గచ్చిబౌలిలో ఆస్పత్రికి తీసుకెళ్ళే దారిలో ఎల్లమ్మ ఒక్కటే మాట అంది, అదీ నన్ను నిలదీస్తున్నట్టు కాదు, తనలో తను అనుకుంటున్నట్టు. "గంప పక్కనే ఉండె. ఒక్క కేక ఇనవడితె నెత్తిన పెట్టుకుంటుంటి."

ఎముక చిట్లింది. కట్టు వేశారు. చెయ్యి బాగయ్యేదాకా కూలి, మందులు నావేనని చెప్పబోతే మధ్యలోనే ఆపింది.

"పైసల ముచ్చట తర్వాత సారూ. ముందుగాల మా బిడ్డకు మీరే ఫోన్ చెయ్యుండ్రి. నేను చెప్తె, చూస్కోకుండ పడ్డవని నన్నే తిడ్తది."

కూతురు నిజాంపేటలో ఒక హాస్టల్ వంటగదిలో పనిచేస్తుంది. ఫోన్ చేసి, నేను ఎవరినో, ఏం జరిగిందో చెప్పాను. "ఏ దవాఖాన? వస్తున్న. మీరు ఎటూ పోకుండ్రి," అంది. ఆఫీసు నుంచి రెండుసార్లు ఫోన్ వచ్చింది. ఎత్తలేదు.

వచ్చింది. చున్నీకి పసుపు మరకలు, వేళ్ళ మధ్య ఇంకా ఆరని పిండి. తల్లి చేతి కట్టును కింద నుంచి పైదాకా చూసి, నా వైపు తిరిగింది. నేను లేచి నిలబడ్డాను.

"బాల్ వంకర వోయిందని మీకు ఎరుకనేనా?"

"తెలుసమ్మా."

"మా అమ్మోళ్ళు ఆడ కూసున్నరని?"

"తెలుసు."

"మరి ఎందుకు అరువలే?"

"సిగ్గేసిందమ్మా," అన్నాను. "నాకు కొట్టడం రాదని మా సార్‌కి తెలిసిపోతుందని."

ఆ పిల్ల నన్ను అలాగే చూస్తూ నిలబడింది. ఇంకేదో కారణం కూడా చెప్తాననుకుందేమో. నా దగ్గర ఇంకొకటి లేదు.

"కూసోండ్రి," అంది చివరికి, తల్లి పక్కనున్న కుర్చీలో తను కూర్చుని, ఎదుటి కుర్చీ నాకు చూపిస్తూ. "డాక్టర్ ఏమన్నడో మొత్తం చెప్పుండ్రి. ఒక్కటి గూడ ఇడ్సకుండ."

కూర్చుని చెప్పాను.